నలభై మూడు మాఫీ

మా రాజంపేట వైపు మాఫీ అంటే
బ్యాంకువాడు అప్పు కొట్టేయడం.
ఇక్కడ కువైట్‌లో మాఫీ అంటే, లేదు.
ఖుబ్బూస్ మాఫీ, బస్సు మాఫీ, ఈ నెల జీతం మాఫీ.
సాల్మియా అంగళ్ళలో ఆరు శుక్రవారాలుగా
నేను విన్నది ఒక్కటే:
నలభై మూడు మాఫీ.

అద్దాల వెనక, దీపాల కింద
ఎర్రవి, నల్లవి, పాము కుబుసంలా మెరిసేవి,
మడమ కింద అగరొత్తి లావు మేకు.
అన్నీ ముప్పై ఏడులు. పెద్ద మనసు చేసుకుంటే నలభై.
ఈజిప్టు కుర్రాడు నా కాళ్ళు చూస్తాడు,
తర్వాత మొహం చూస్తాడు,
తర్వాత వేలెత్తి పై అంతస్తు చూపిస్తాడు.
పై అంతస్తులో మగవాళ్ళ బూట్లు.

ఒకచోట నలభై మూడు ఉందన్నారు.
పెట్టె తెరిస్తే
మట్టి రంగు, చదును అడుగు, చర్రుమని ఊడే పట్టీ,
ఆసుపత్రి వాసన.
పెద్ద కాలున్న దానికి మోజు ఉండకూడదని
ఏ కంపెనీలో తీర్మానం చేశారో.

నా పని సెలూన్‌లో, కాళ్ళ దగ్గర.
రోజుకు తొమ్మిది జతలు నా ఒళ్ళోకి వస్తాయి,
గోరువెచ్చని నీళ్ళలో తడిసిన పావురాల్లా.
గోళ్ళకు రంగేసి, ఆరనిచ్చి,
వాటి ఖరీదైన చెప్పుల్లోకి నేనే ఎక్కించి పంపుతాను.
స్టూలు కింద నా కాళ్ళు
మగ రబ్బరు చెప్పుల్లో ఊపిరి బిగబట్టి ఉంటాయి.

"ఇప్పటికే తాటిచెట్టువి, నీకెందుకే ఎత్తు మడమలు?"
అంటుంది రూములో ఓబులమ్మక్క.
ఎత్తు కోసం కాదక్కా.
సెలూన్‌కు ముందు నాలుగేళ్ళు
జహ్రాలో ఒక ఇంట్లో చేశాను కదా,
మూడంతస్తుల పాలరాయి.
బాబా పడుకున్నాడు, పిల్లలు పడుకున్నారు,
ష్వయ్ ష్వయ్, అనేది మామా.
నాలుగేళ్ళు వట్టి కాళ్ళతో
పిల్లి కన్నా మెత్తగా నడిచాను.
నాకు కావాల్సింది ఆ చప్పుడు.
నేను వస్తున్నానని
నాకంటే ముందు నేల చెప్పాలి.

మంచమున్నంతే కాళ్ళు చాచుకోమన్నారు పెద్దోళ్ళు, సరే.
చెప్పున్నంతే కాలు ఉండాలని ఎవరన్నారు?
నలభై ఒకటిలో దూర్చి కూడా చూశాను,
తొమ్మిది దీనార్లు, రొవెనా పుట్టినరోజు రాత్రి.
కేకు కోసేలోపే అరికాలి మంట నెత్తికెక్కింది.
వారానికి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది,
ఊరందరి గోళ్ళు దిద్దే ఈ చేతిలోకే.

మొన్న ఉమ్ ఫవాజ్ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి.
అబాయా కాస్త ఎత్తి కాళ్ళు పెట్టగానే
టబ్బు నిండిపోయింది.
నా కాళ్ళే ముసలివై వచ్చి కూర్చున్నట్టుంది.
పక్కన విప్పిన చెప్పులు
ఆకుపచ్చ సిల్కు, మూడంగుళాల మడమ.
ఎక్కడ మామా, అన్నాను, నోరు ఊరుకోక.
ఆమె వంగి నా రబ్బరు చెప్పులు చూసింది. నవ్వలేదు.
"ముబారకియాలో గడియారాల అంగళ్ళ వెనక సందు. మురాద్.
నా పేరు చెప్పకు, రేటు పెంచుతాడు."

మురాద్ అంగడి బీరువా అంత.
అట్ట ముక్క నేల మీద పరిచి నిలబడమన్నాడు.
బలపం తీసి మడమ దగ్గర మొదలుపెట్టాడు.
కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది ముండ, అని
మా అమ్మ తిట్టే తిట్టు గుర్తొచ్చి
కితకితలకు తోడు నవ్వొచ్చింది.
చిటికెన వేలు దగ్గర కూడా ఆయన తొందరపడలేదు,
ఒక్కో ఒంపుకూ ఆగి, దేన్నీ కోసేయకుండా గీశాడు.
"పెద్దదా?" అన్నాను.
"అట్ట చిన్నది," అని
ఇంకో ముక్క తెచ్చి అతికించాడు.

మడమ ఎంత అంటే వేళ్ళతో చూపించాను.
ఆగి, వేళ్ళు ఇంకాస్త దూరం జరిపాను.
ఇరవై రెండు దీనార్లన్నాడు, పద్దెనిమిదికి దిగాడు.
ఐదు అడ్వాన్సు. రంగు ఇంకా తేల్చుకోలేదు.

ఫర్వానియా బస్సులో కూర్చుని చూసుకుంటే
కాలి అంచు వెంట తెల్లటి పొడి.
రోజంతా కాళ్ళు కడిగే దాన్ని,
ఆ రాత్రి నావి కడుక్కోలేదు.